పాట విన్నాకే బొమ్మ వెయ్యండి

(దర్శిలో ఆదివాసీ యువతతో పంచుకున్న మాటలు)



చెంచు, యానాది, ఎరుకల, సుగాలీ... పశ్చిమ ప్రకాశంలోని మనోళ్లంతా ఇక్కడ ఉన్నారు. మీలో చాలామంది బొమ్మలు వేసి సెల్లో పెడుతుంటారు. అందుకే ఉపన్యాసం కాకుండా, నేను చేసిన తప్పొకటి చెబుతా.

నాది నల్లమల చెంచుగూడెం. డిగ్రీ చదివే రోజుల్లో గూడెం గోడ మీద బొమ్మలేశా. సెల్లో చూసి మహారాష్ట్ర వార్లీ బొమ్మల్ని దింపేశా. అందరూ బాగుందన్నారు. మా అవ్వ మాత్రం చాలాసేపు చూసి, "ఇందులో మనోళ్లేర్రా?" అంది. నాకు నోరు పెగల్లేదు.

ఆ రాత్రి అవ్వ చేత తేనె పాట పాడించుకున్నా. తాడు పట్టుకుని కొండచరియలోకి దిగే మనిషి పాట అది. చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ బొమ్మ వెయ్యాలని కూర్చుని వింటే ఒకచోట అవ్వ గొంతు సన్నబడటం తెలిసింది. నా గుండె దడదడలాడింది.

తెల్లారి తేనెపట్టు, మనిషి, తాడు గీశా. అవ్వ చూసి, "పైన తాడు పట్టుకున్న బామ్మర్ది ఏడి?" అంది. మా చెంచుల్లో ఆ తాడు బామ్మర్ది చేతికే ఇస్తారు. అక్క పసుపుకుంకాలు వాడి చేతిలో ఉంటాయి గనక వదలడని నమ్మకం. పాటలో భయం ఉంది, ఆ భయానికి ఆసరాగా చుట్టరికం ఉంది. నేను భయం ఒక్కటే గీశా. చెంచోళ్ల బతుకంతా ఆ రెండోదాంట్లో ఉంది. మళ్లీ గీశా.

గోదావరి వైపు కోయల ఇలవేల్పుల పడిగెలు చూడండి. మూడు మూలల గుడ్డ మీద వంశం పెద్దల బొమ్మలుంటాయి. డోలి కళాకారులు ఆ గుడ్డ విప్పి, డోలు కొడుతూ ఆ వంశం కథ పాడతారు. పాడే మనిషి లేకపోతే ఆ బొమ్మలెవరివో చెప్పేదెవరు? మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అలా పాడిన పెద్ద. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. మీ ఊళ్లో అలాంటి పెద్దలు ఎందరు మిగిలారో లెక్కేసుకోండి.

మధ్యప్రదేశ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పర్ధాన్ ఇంట్లో పుట్టాడు. పర్ధాన్‌లు బానా వాయిస్తూ గోండుల దేవుళ్ల కథలు పాడేవాళ్లు. ఆ పాటల్లోని దేవుళ్లనే ఆయన 1980ల్లో కాగితం మీదకి, కాన్వాస్ మీదకి తెచ్చాడు. ఇవాళ ప్రపంచం గోండు చిత్రకళ అంటున్నది ఆ దారిలో పెరిగిందే.

మరి మనం ఏం చెయ్యాలి? ముందు పాడే మనిషి దగ్గర కూర్చోండి. ఒప్పుకుంటేనే రికార్డు చెయ్యండి. కొలుపు పాటలైతే పెద్దల్ని అడక్కుండా బయట పెట్టకండి. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ గొంతు పట్టేసింది రాసుకోండి. బొమ్మ అక్కణ్నుంచి మొదలెట్టండి. అయ్యాక ముందు వాళ్లకే చూపించండి. వాళ్లు ఒప్పుకుంటే కింద మీ పేరు పక్కన వాళ్ల పేరూ రాయండి. అమ్మితే వాటా ఇవ్వండి.

రంగుల్లేవని ఆగకండి. మార్కాపురం పలకా, సుద్దముక్కా చాలు మొదలెట్టడానికి. పాటే ఆలస్యమైతే దొరకదు. ఈ రాత్రే ఇంటికెళ్లి మీ అవ్వనో తాతనో ఒక్క పాట అడగండి.

జోహార్!