మోటారుబండి బెల్టు మార్చుకొనుట



వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులు నేడు మోటారుయంత్రమును గూర్చి మాటలాడనున్నాడన్నచో మీలో కొందఱకు నవ్వు రావచ్చును. నవ్వుడు, కాని వినుడు. ఉద్యోగమున్నన్నాళ్లు బడిపిల్లలకు సంధులు నేర్పితిని. రెండు పదములు కలియుచోట నేమి జరుగునో నాకు తెలియును. రెండు చక్రములను కలుపు నల్లని రబ్బరు బెల్టు తెగినచో నేమి జరుగునో మాత్రము ఉద్యోగవిరమణానంతరము గాని తెలియలేదు. ఆ తెలియకపోవుటవలన మా యక్కగారి ప్రాణము మీదికి వచ్చినది.

2019వ సంవత్సరపు వేసవిలో నొక రాత్రి ఆమెకు ఊపిరి యాడలేదు. శ్రీకాకుళమునకు ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. నాకొక పాత అంబాసిడరు కలదు. ఆ బండ్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. నెలదినములుగా ఉదయము బండి తీసినప్పుడెల్ల కీచుమని యొక ధ్వని వచ్చుచుండెను. వయసు మీఱిన బండి మూలుగక మానునా యని యూరకుంటిని. ఆ రాత్రి దారిలో ఆ ధ్వని హఠాత్తుగా నిలిచెను. నేను సంతోషించితిని! వెంటనే కన్నుల యెదుట చిన్న ఎఱ్ఱదీపము వెలిగెను. బ్యాటరీ సంగతి కాబోలు, తెల్లవారిన పిదప చూచుకొందమని సాగిపోతిని. కొన్నిమైళ్లు పోవునంతలో బానెట్టు క్రిందనుండి ఆవిరి లేచెను, యంత్రము నిలిచిపోయెను.

పుణ్యాత్ముడొక లారీ డ్రైవరు ఆగి, అక్కగారిని తన బండిలో ఎక్కించుకొనెను. ఎక్కించుకొనుచు, “ఎర్రదీపం వెలిగితే ఆపేయాలండి బాబుగారూ, బెల్టు తెగిపోయింది” అనెను. అక్కగారు దక్కిరి. యంత్రపు హెడ్డు వేడికి వంకరపోయినది. నాకు సిగ్గు మిగిలినది. ఆ సిగ్గే నాకు గురువైనది.

పొందూరు ప్రాంతమువారికి రాట్నము క్రొత్తది కాదు. పెద్దచక్రమునుండి కదురునకు ఒక దారము పోవును. దారము వదులైనచో చక్రము తిరుగును గాని కదురు తిరుగదు. మిక్కిలి బిగించినచో చేయి నొచ్చును, కదురు అరుగును. మోటారునందును ఇంతే. యంత్రము ముందుభాగమున క్రాంకుషాఫ్టు చివరనున్న పుల్లీ పెద్దచక్రము వంటిది. దానినుండి బెల్టు మఱి రెండు పుల్లీలను చుట్టివచ్చును. ఒకటి నీటిపంపుది, ఫ్యాను దానికే బిగింపబడియుండును. రెండవది డైనమోది; తరువాతి బండ్లయందు దానికి మారుగా ఆల్టర్నేటరు వచ్చినది. బెల్టు తెగిన క్షణమున పంపు, ఫ్యాను, విద్యుత్తు మూడును ఒక్కసారి నిలుచును. దీపము చెప్పునది విద్యుత్తును గూర్చి. చెప్పక తెలుపునది నీటిని గూర్చి. ఆలంకారికుల భాషలో వాచ్యము విద్యుత్తు, వ్యంగ్యము వేడి. వ్యంగ్యము గ్రహింపలేని పండితుడు దారిలో నిలిచిపోయెను!

ఇక మార్చు విధానము చెప్పెదను. యంత్రము పూర్తిగా చల్లాఱవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. మరుగునీరు ముఖముమీదికి చిమ్మును. బండిని సమప్రదేశమున నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరు తప్పించి, తాళపుచెవిని మీ జేబులో నుంచుకొనుడు. బ్యాటరీ నుండి బండి శరీరమునకు పోవు తీగను విప్పుడు. పంచెకట్టు, ఉత్తరీయము ఈ పనికి తగవు. పిల్లలను దగ్గఱకు రానీయవలదు.

డైనమోను పైన రెండు బోల్టులు పట్టియుండును. అది వానిపై ఊయెలవలె కొంచెము కదలును. క్రింద పొడవైన గాడిగల బద్దలో నొక బోల్టుండును. వీనిని వదులుచేయుడు, పూర్తిగా తీయ నక్కఱలేదు. డైనమోను యంత్రమువైపునకు నెట్టినచో బెల్టు వదులగును. దానిని పుల్లీలనుండి తప్పించి, ఫ్యాను ఱెక్కల నొక్కొక్కటిగా దాటించి వెలికి తీయుడు.

క్రొత్తబెల్టు కొనునప్పుడు పాతదానిని ప్రక్కన పెట్టి పొడవు చూచుట పొరపాటు, పాతది సాగియుండును. బండి పుస్తకమునందు చెప్పిన సంఖ్యనే అడుగుడు. పుల్లీ గాళ్లను పొడిగుడ్డతో తుడిచి, తీసిన మార్గముననే క్రొత్తదానిని ఎక్కింపుడు. స్క్రూడ్రైవరుతో బలవంతముగా ఎక్కించినచో లోని దారములు తెగును. కంటికి కనబడని ఆ గాయము దారిలో కనబడును.

పిమ్మట డైనమోను యంత్రమునకు దూరముగా లాగిపట్టి బోల్టులు బిగింపుడు. బిగువు ఎంత యుండవలెను? రెండు పుల్లీల నడుమనున్న పొడవైన భాగమును బొటనవ్రేలితో నొక్కినచో బెల్టు కొంచెము లొంగవలెను. పెక్కు బండ్లలో ఇది సుమారు అర అంగుళము. మీ బండి పుస్తకము వేఱుగా చెప్పినచో అదియే ప్రమాణము. వదులైనచో బెల్టు జాఱి కీచుమనును. అతిగా బిగించినచో పంపు బేరింగులు, డైనమో బేరింగులు చెడును. క్రొత్తబెల్టు మొదట కొంత సాగును గనుక రెండుమూడువందల కిలోమీటర్లు తిరిగిన పిదప మరల చూచుకొనుడు.

ఈ బెల్టు పుల్లీ గాడిని ప్రక్కలతో పట్టుకొనును, అడుగుతో కాదు. అది అరిగి గాడి అడుగునకు దిగినను, ప్రక్కలు అద్దమువలె మెఱసినను, పగుళ్లు విచ్చినను, నూనెతో తడిసినను మార్చవలసినదే.

నేటి క్రొత్త కార్లలో సన్నని చాళ్లు గల వెడల్పు బెల్టొకటి పెక్కు పుల్లీలను చుట్టుచుండును. అది పోవు మార్గమును విప్పుటకుముందే కాగితముపై గీసికొనవలెను. పెక్కింటిలో బిగువును స్ప్రింగు గల టెన్షనరు తానే చూచుకొనును. వాని విద్యుత్తు ఫ్యాను యంత్రము ఆగియున్నను తిరుగవచ్చును. చేయి పెట్టుటకుముందు బ్యాటరీ విప్పుట మఱువకుడు. కొన్ని యంత్రములలో మూతవెనుక టైమింగు బెల్టని మఱియొకటి కలదు. దాని జోలికి ఇంట పోవలదు. అది తెగినను, పెక్కు పండ్లు తప్పినను పెక్కు యంత్రములలో వాల్వులు పిస్టనులకు తగిలి సర్వనాశనమగును. తన హద్దెఱుగుటయు విద్యలో భాగమే.

ఇప్పుడు నా బండిలో నొక క్రొత్తబెల్టును, తగిన రెండు స్పానర్లును ఎల్లప్పుడు ఉండును. నెలకొకసారి బానెట్టెత్తి బొటనవ్రేలితో నొక్కి చూచెదను. మా యక్కగారు బండి యెక్కునప్పుడెల్ల కాలు లోపల పెట్టుటకుముందు, “ఒరే తమ్ముడూ, బెల్టు చూశావా?” అని అడుగుదురు. నా జీవితమున నేను వ్రాసిన పరీక్షలన్నింటిలోను ఆ ప్రశ్నయే కఠినమైనది. “చూచితిని” అని చెప్పగలిగిన దినముననే బండి కదలును.

సెలవు.