జవాబు చెప్పడం చిన్నతనం కాదు

అన్నం వేళ ఫోన్‌లో కలుసుకున్న మనం ఈరోజు కళ, కోర్టు, ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుకుందాం.

మన బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1970లో, పదవిలో ఉండగానే, ఆయన స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. మనం నేర్చుకోవలసింది ఆ గెలుపు కాదు, జవాబు చెప్పడాన్ని ఆయన చిన్నతనంగా అనుకోకపోవడం.

ప్రశ్నలు అడిగే పని కళ కూడా చేస్తుంది. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ సినిమా రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించింది. దాని సర్టిఫికెట్టును మద్రాసు హైకోర్టు రద్దు చేస్తే, 1989లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. గొడవలు చేస్తామనే బెదిరింపులకు లొంగి భావప్రకటనను అణచకూడదని చెప్పింది. రిజర్వేషన్ల కోసం నిలబడే మనకు ఆ సినిమా వాదన చేదే. అయినా ఆ తీర్పు మనకు కావాలి. రేపు మన వీధినాటకాన్నో, మన పాటనో 'గొడవవుతుంది' అని ఆపబోతే మనకు అండ అదే.

ఇక మన ఇంటి మాట. ఈ ఆదివారం ఒక చెల్లెలు లేచి సంఘం లెక్కలు అడిగితే కసురుకోకండి. రాష్ట్రపతే కోర్టుకు జవాబు చెప్పిన దేశంలో సంఘపెద్దలం మనం చెప్పలేమా?