ఇంటి గోడయే తొలి చిత్రశాల

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



గృహాలంకరణ అనగానే ఈనాడు చాలామందికి స్ఫురించేవి రంగుల పత్రికలలోని బొమ్మలు, దుకాణంలో దొరికే కాగితపు పువ్వులు, గాజు తలుపుల బీరువాలు. బడిలో ప్రాజెక్టు పని ఇవ్వగానే పిల్లవాడు పరుగెత్తేది కూడా దుకాణానికే. అచ్చువేసిన చార్టు, థర్మోకోల్ పలక, మెరుపు కాగితం కొని, రాత్రి తండ్రిచేత అతికించి, మరునాడు తెచ్చి చూపిస్తాడు. మార్కులు కూడా పడతాయి. అయితే అందులో ఆ బాలుని కన్ను చూసినదేదీ లేదు, చేయి నేర్చినదేదీ లేదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నేలమీద తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలలో ఈ స్థితి రావడం విచారకరం. ఎందుకంటే ఈ నేలమీద ఇల్లే ఒక చిత్రకళాశాల.

ముందుగా వాకిలి సంగతి. అలికిన వాకిట పెద్దమ్మలు వేసే చుక్కల ముగ్గును కళ అని పిలవడానికి మన పిల్లలు సంకోచిస్తారు. కళ అంటే చట్రంలో బిగించి గోడకు తగిలించినదే అని వారి భావన. పదిహేను చుక్కల ముగ్గునే తీసుకొందాము. మధ్య వరుసలో 15 చుక్కలు. పైకీ కిందికీ సందు చుక్కగా ఒక్కొక్కటి తగ్గుతూ 8 వరకు. మొత్తం ఎన్ని? ఒకవైపు ఏడు వరుసలు కలిపి 77, రెండువైపులా 154, మధ్య వరుసతో 169. అది 13ను 13చే గుణించగా వచ్చే సంఖ్య. లెక్కల పుస్తకం తెరవని బామ్మ ఈ చుక్కలను కాగితం లేకుండా, కొలబద్ద లేకుండా, బొటనవ్రేలికీ చూపుడు వ్రేలికీ నడుమ నుండి జారే పిండితో సమదూరంలో నిలుపుతుంది. ఒక చుక్క తప్పితే గీత ఎక్కడ కలవదో ఆమెకు ముందే తెలుసు. లెక్కల ఉపాధ్యాయులు ఒక్కసారి ఆ వాకిట నిలబడి చూడదగిన పాఠమిది.

వాకిలి దాటితే మార్గశిరమాసం. ఉత్తరాంధ్రలో గురువారాన్ని లక్ష్మీవారం అనడం వాడుక. మార్గశిర లక్ష్మీవారాలలో తెలుగు ఇల్లాలు లక్ష్మీదేవిని పూజిస్తే, పక్కింటి ఒడియా ఇల్లాలు అదే వారాలలో 'మాణబస' జరుపుతుంది. మాణ అనగా మన మానిక వంటి ధాన్యపు కొలత. క్రొత్త వడ్లతో నింపిన ఆ పాత్రయే అక్కడ లక్ష్మి. ఇంటి నేలమీద, గోడలమీద, గాదెలమీద 'ఝోటి' వేస్తారు. మన ముగ్గు పొడిపిండి. వారి ఝోటి నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండి, వ్రేళ్ళతో అద్ది గీసేది. వరికంకులు, పద్మాలు, ఏనుగులు, గుమ్మం నుండి లోపలికి నడిచి వచ్చే లక్ష్మీ పాదాలు. ఒకే గోడకు అటు ముగ్గు, ఇటు ఝోటి ఉన్న వీధులలో పెరిగిన పిల్లలు రెండు సంప్రదాయాలకు వారసులు. ఆ మాట వారికి ఎవరైనా చెప్పాలి కదా!

ఆ వారాలలో ఒడియా ఇళ్ళలో చదివే బలరామదాసు లక్ష్మీపురాణంలోని కథ ఈ సందర్భంలో తలచుకోదగినది. లక్ష్మీదేవి ఊరు తిరుగుతూ ప్రవేశించినది ధనవంతుల ఇంట కాదు. వేకువనే లేచి, ఇల్లు అలికి, బియ్యపు పిండితో పద్మం తీర్చి ఎదురుచూసిన శ్రియ అనే చండాల స్త్రీ ఇంట. అందుకు ఆగ్రహించిన బలభద్రుడు లక్ష్మిని శ్రీమందిరం నుండి వెళ్ళగొట్టించగా అన్నదమ్ములిద్దరికీ అన్నం పుట్టక భిక్షాటనమే గతియైనది. ఈ కథను కుల విచక్షణకు ఖండనగా పెద్దలు వివరిస్తారు. అది సత్యమే. దానితోపాటు, అలికిన నేలకూ పిండి పద్మానికీ ఇంతటి గౌరవమిచ్చిన కథ మరొకటి ఈ ప్రాంతంలో అరుదు అని కూడా గుర్తించాలి.

ఇక కొండలమీదికి వెళితే సవరల 'ఇడితాల్'. ఎర్రమట్టి పూసిన ఇంటి లోపలి గోడమీద, నలగ్గొట్టి కుంచెగా చేసిన వెదురు పుల్లతో, బియ్యపు పిండి నీటితో వేసే తెల్లని చిత్రమిది. చిత్రకారుడు ముందుగా నాలుగు అంచులూ గీస్తాడు. అది ఆ దేవతకో పితృదేవతకో కట్టిన ఇల్లు. అంచు నుండి లోపలికి నింపుకుంటూ పోతాడు: సూర్యచంద్రులు, చెట్లు, గుర్రాలు, ఏనుగులు, వరుసకట్టి నాట్యమాడే మనుష్యులు. రోగం వచ్చినా, పంట చేతికి వచ్చినా, చనిపోయినవారిని తృప్తిపరచాలన్నా ఈ చిత్రం వేయించి దాని యెదుట నైవేద్యం పెడతారు. వెరియర్ ఎల్విన్ 1951లో, 1955లో ప్రకటించిన గ్రంథాలలో ఈ చిత్రాలను విస్తారంగా పొందుపరచినాడు. వాటిలో సైకిళ్ళు, రైలుబండ్లు, విమానాలు సైతం ఉన్నవి! విమానం ఎక్కని సవర చిత్రకారుడు తన దేవతకు విమానం సమకూర్చినాడు. సంప్రదాయమంటే పాతదానికి నకలు తీయడమని నమ్మేవారు ఈ బొమ్మలను చూడాలి.

అయితే ఇక్కడొక హెచ్చరిక అవసరం. చాలా సవర గ్రామాలలో ఇళ్ళు, విశ్వాసాలు మారినందున ఆ గోడలు నేడు ఖాళీగా ఉన్నవి. బొమ్మలు మాత్రం చీరల అంచులకు, చేతిసంచులకు, హోటళ్ళ ముందుగదులకు చేరినవి. అందులో కొందరు సవర కళాకారులకు జీవనోపాధి లభిస్తే సంతోషమే. కాని ఒక ఇంటి పూజాచిత్రాన్ని పేరైనా తెలియకుండా 'గిరిజన డిజైను' అని అతికించుకోవడం మర్యాద కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాషను ముందు సవరల నోటనే నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించినది ఆ తరువాత. బొమ్మల విషయంలోనూ అదే క్రమం పాటించవచ్చును.

బరంపురం పట్టుచీర అంచున ఆలయ శిఖరాన్ని నిలిపిన 'ఫోడ కుంభ', బెలగుంఠ కంసాలులు అతుకులు అతుకులుగా కూర్చి వంకర తిరిగేలా చేసే ఇత్తడి చేప, విశాఖ వైపు అంకుడు కర్రపై లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మ - ఇవన్నీ ఒక దినపు బస్సు ప్రయాణంలో ఉన్నవే. విహారయాత్ర పేరిట పిల్లలను ఎక్కడెక్కడికో తీసుకుపోయే బదులు ఒక మగ్గం ముందు గంటసేపు కూర్చోబెట్టితే చాలును.

తల్లిదండ్రుల ఇబ్బందులు తెలియనివి కావు. అద్దె ఇల్లు, మేకు కొడితేనే యజమాని కోపిస్తాడు. గచ్చు నేల, ఎనామిల్ రంగు, మూడవ అంతస్తు. ముగ్గుకు వాకిలి లేదు. తల్లి ఉదయం ఎనిమిదికే ఉద్యోగానికి బయలుదేరాలి. అటువంటి ఇంట ఒక పాత పీట చాలు, లేదా ఎర్రమట్టి పూసిన అట్టముక్క. వారానికొకసారి బిడ్డను అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టి ఆమెకు వచ్చిన ముగ్గులను నోటు పుస్తకంలో చుక్కల లెక్కతో సహా వ్రాయించితే, అది ఏ చార్టుకూ తీసిపోని ప్రాజెక్టు. ఆ అమ్మమ్మలు వృద్ధులు. చాలామంది ముగ్గులు ఎక్కడా వ్రాసిపెట్టి లేవు.

ఈ జూబిలీకి పాఠశాల వసారా గోడను ఫ్లెక్సీలతో కప్పాలని ఒక సూచన వచ్చినది. దానికి బదులుగా ఆ గోడకు ఎర్రమట్టి రంగు పూసి విద్యార్థులకు, వారి పెద్దమ్మలకు అప్పగించాలన్నది ఉపాధ్యాయుల ప్రతిపాదన. సగం ముగ్గు, సగం ఝోటి. చివరి భాగంలో ఇడితాల్ ఉండాలంటే సవర చిత్రకారుని ఆహ్వానించి, తగిన పారితోషికమిచ్చి, ఏది గీయవచ్చునో ఏది కూడదో ఆయననే నిర్ణయించమనాలి. ఆయన వద్దంటే ఆ భాగం ఖాళీగానే ఉంటుంది. ఫ్లెక్సీలకు కేటాయించిన సొమ్ము ఇందుకు సరిపోతుంది. వానకు పిండి బొమ్మ చెరిగిపోతుందని కొందరి అభ్యంతరం. చెరిగితే వచ్చే మార్గశిరంలో మరల వేయవచ్చును. ఇళ్ళలో జరిగేది అదే.

మార్గశిరమాసపు తొలి లక్ష్మీవారం ఉదయం ఏడు గంటలకు పని ఆరంభం. బియ్యం పాఠశాల సమకూరుస్తుంది. ముందురోజు సాయంత్రం పిండి రుబ్బడానికి రోలు ఉన్న ఇల్లు ఒకటి కావాలి. అంగీకరించేవారు సభ ముగిసిన తరువాత కార్యాలయంలో పేరు నమోదు చేయించవలసినదిగా ప్రార్థన.