సర్వరు పలుకుతున్నదా?

మన భాషలోకి ఇటీవల వచ్చిన మాటలలో "సర్వరు డౌను" అనేది ఎంతో త్వరగా పల్లెలకు చేరినది. 2011లో మీసేవా కేంద్రాలు వెలసినవి. 2015 నుండి చౌక ధరల దుకాణాలలో వేలిముద్ర తీసుకొనే యంత్రాలు వచ్చినవి. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినవి. పత్తికొండ అయితేనేమి, మైదుకూరు అయితేనేమి, బియ్యానికో అడంగల్ నకలుకో వెళ్ళినవారు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినియే ఉంటారు. ఒకనాటి కూలి వదలుకొని ఎండలో నడిచి వచ్చిన ముసలమ్మకు ఆ రెండు మాటలే తీర్పు. సర్వరు అంటే ఏమిటో, అది ఎక్కడ ఉన్నదో, అది పడిపోయినదని ఈ అబ్బాయికి ఎవరు చెప్పారో ఆమె ఎట్లా అడుగగలదు?

ఆ చివరి ప్రశ్నను ఆమె పక్షాన మనం అడుగుదాము. సర్వరు నడుస్తున్నదో లేదో తెలిసేది ఎట్లా?

సర్వరు అంటే వింత యంత్రమేమీ కాదు. ఎవరు ఎప్పుడు అడిగినా జవాబు చెప్పడానికి మేలుకొని కూర్చున్న ప్రోగ్రాము అది. అది నడిచే కంప్యూటరునూ ఆ పేరుతోనే పిలుస్తారు. అట్టి ప్రోగ్రాములు దుకాణానికి రాకముందు, వ్రాసేవారి బల్లమీదనే చాలాకాలం నడుస్తవి. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చినది. 2015లో మొదలైన మరొకటి కర్నూలు వద్ద జగన్నాథగట్టుమీద ఉన్నది. అక్కడి విద్యార్థి వంటివాడు ఒకడు టామ్‌క్యాట్ అనే సర్వరును తన కంప్యూటరులోనే నడుపుకొంటూ, తాను వ్రాసినదానిని పరీక్షించుకొంటాడనుకొనండి. ఎక్లిప్స్ వంటి పనిముట్టులో ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులో సర్వరు పేరు, దాని ప్రక్కన "స్టార్టెడ్" అన్న మాట కనబడుతుంది. ఆ మాటను నమ్మి అతడు ముందుకు పోతాడు. నా ఉద్దేశంలో దుకాణంలోని చిక్కుకు మొదలు అక్కడనే ఉన్నది. ఆ మాట దేనిని చూచి వ్రాసినదో అతడు తెలుసుకొనకపోతే, రేపు దుకాణంలో పెట్టబోయే యంత్రానికీ అటువంటి మాటనే నేర్పుతాడు.

అన్నిటికంటె చవుకైన పద్ధతి, నడువుమని ఆజ్ఞ ఇచ్చాము గనుక నడుస్తున్నదని వ్రాసుకొనడం. ఇది ఎంత ప్రమాదమో లోకానికి ఒకసారి తెలిసినది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రంలో తెరచుకొన్న ఒక కవాటం తిరిగి మూసుకొనలేదు. కాని పనివారి ఎదుట ఉన్న దీపం ఆరిపోయినది. ఆ దీపం చెప్పినది కవాటం మూసుకొన్నదని కాదు, మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళినదని మాత్రమే. రెండు గంటలకు పైగా నీరు పోతూనే ఉన్నది. లోపలి ఇంధనంలో దాదాపు సగం కరిగినది. దీపం అబద్ధం చెప్పలేదు. తనను అడుగని ప్రశ్నకు జవాబు చెప్పినది, అంతే.

రెండవది పట్టీ చూచే పద్ధతి. నడిచే ప్రతి ప్రోగ్రాముకు కంప్యూటరు ఒక సంఖ్య ఇస్తుంది. సర్వరు లేచేటప్పుడు ఆ సంఖ్యను ఒక ఫైలులో వ్రాసి ఉంచవచ్చును. దిగేటప్పుడు ఆ ఫైలును తీసివేస్తారు. అయితే కరెంటు పోయి కంప్యూటరు ఒక్కమారుగా ఆగిపోతే, తీసివేసేవారు ఎవరు? మనిషి పోయినా హాజరు పట్టీలో పేరు ఉండిపోయినట్లు, ఆ ఫైలు అట్లే పడి ఉంటుంది. టామ్‌క్యాట్ వారు దీనిని ఎరిగినవారే. ఫైలు కనబడగానే సరిపెట్టుకొనక, ఆ సంఖ్యతో నిజంగా ఏదైనా నడుస్తున్నదా అని వారి ప్రారంభ లిపి విచారిస్తుంది. ఇందులోనూ ఒక తిరకాసు ఉన్నది. ఖాళీ అయిన సంఖ్యను కంప్యూటరు కొంతకాలానికి మరొక ప్రోగ్రాముకు ఇస్తుంది. అప్పుడు మనం పలుకరించేది వేరొకరిని!

ఇక తలుపు తట్టే పద్ధతి. సర్వరు వినే ద్వారానికి పోర్టు అని పేరు. టామ్‌క్యాట్‌కు మామూలుగా 8080వ సంఖ్య. ఆ తలుపు తెరచుకొంటే సర్వరు ఉన్నట్లే అని చాలామంది అనుకొంటారు. కాని వచ్చినవారిని మొదట ఆహ్వానించేది సర్వరు కాదు, దాని క్రింద ఉన్న ఆపరేటింగు సిస్టము. లోపల యజమాని మూర్ఛపోయి ఉన్నా, వాకిట నౌకరు "దయచేయండి" అంటూనే ఉంటాడు. వచ్చినవారు అరుగుమీద కూర్చొని ఉండవలసినదే. అదీగాక 8080వ తలుపును ఆ పూటకు మరొక ప్రోగ్రాము ఆక్రమించి ఉండవచ్చును.

కాబట్టి ఒక ప్రశ్న వేసి జవాబు రాబట్టవలసినదే. ఎక్లిప్స్ టామ్‌క్యాట్ విషయంలో చేసేది ఇదే. సర్వరుకు ఒక అభ్యర్థన పంపుతుంది. "మీరు అడిగిన పుట లేదు" అన్న 404 సంఖ్య జవాబు వచ్చినా సంతోషించి "స్టార్టెడ్" అని వ్రాస్తుంది. అది తెలివైన పనియే. లేదు అని చెప్పడానికైనా ఒకరు మేలుకొని ఉండాలి గదా. కాని విద్యార్థికి కావలసినది సర్వరు మేలుకొన్నదా అన్నది మాత్రమే కాదు, తన ప్రోగ్రాము పని చేస్తున్నదా అన్నది. ఈ రెండింటి నడుమ చాలా దూరం ఉన్నది.

ఎంత దూరమో మన సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించగా, 1882లో ప్రభుత్వం కొన్న కె.సి. కాలువ, సుంకేసుల వద్ద తుంగభద్రను విడిచి దాదాపు 300 కిలోమీటర్లు పోయి కడప సీమకు చేరుతుంది. సుంకేసులలో నీరు వదిలారన్న వార్త నిజమే కావచ్చును. అంతమాత్రాన కడప దగ్గరి మడిలో నాట్లు పడవు. నడుమ ఎక్కడ గండి పడినదో, ఏ తూము వద్ద ఎవరు మళ్ళించుకొన్నారో! చివరి పొలం రైతును అడిగితేనే నీటి సంగతి తెలుస్తుంది. అట్లే సర్వరు వెనుక సమాచార భాండాగారం ఉన్నది, దాని వెనుక వేలిముద్రలు పోల్చి చూచే మరొక సర్వరు ఉన్నది. ఒక నమూనా కార్డు సంఖ్యను పంపి, దానికి రావలసిన బియ్యం లెక్క సరిగా వచ్చినదా అని చూస్తే, అది చివరి పొలాన్ని అడిగినట్లు.

అయితే ప్రతి క్షణం చివరి పొలాన్నే అడుగరాదు. ఆ ప్రశ్నలే భారమవుతవి. అందుకే 2014లో గూగులు సంస్థ బయటపెట్టిన కుబర్నెటీస్ ప్రశ్నలను వేరుచేసినది. బ్రతికి ఉన్నావా అన్నది ఒకటి, పని పుచ్చుకొనడానికి సిద్ధమా అన్నది మరొకటి. మొదటిదానిని, మనం మార్చకపోతే, పది సెకండ్లకు ఒకమారు అడుగుతుంది. వరుసగా మూడుసార్లు జవాబు తప్పితే ప్రోగ్రామును ఆపి తిరిగి లేపుతుంది. రెండవదానికి జవాబు రాకపోతే ఆపదు, జనాన్ని దాని వద్దకు పంపదు, అంతే. ఈ భేదం పాటించక, భాండాగారం అలసినప్పుడల్లా మంచి సర్వరును చంపి లేపేవారున్నారు. కాలువలో నీరు లేదని తూము పగులగొట్టినట్లుంటుంది.

మిగిలినది ఎంతసేపు ఆగాలన్న ప్రశ్న. ఎక్లిప్స్ మామూలుగా 45 సెకండ్లు ఆగి, టామ్‌క్యాట్ లేవలేదని ప్రకటిస్తుంది. పెద్ద ప్రోగ్రాము అయితే 50వ సెకండున లేవబోతుండవచ్చును. నిదానించినవానికీ మరణించినవానికీ భేదం మౌనంలో కనబడదు. ఇది అనుభవజ్ఞుల మాట మాత్రమే కాదు. జాబులు ఎంత ఆలస్యమవుతవో హద్దు లేని చోట ఈ భేదం నిశ్చయంగా తెలియరాదు. అట్టి చోట ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశం ఉన్నా, మిగిలినవి తప్పక ఒక నిర్ణయానికి వస్తవని హామీ ఇవ్వగల పద్ధతి లేదని 1985లో ఫిషర్, లించ్, పేటర్సన్ అనే ముగ్గురు గణితరీత్యా నిరూపించారు. గడువు పెట్టక తప్పదు. ఆ గడువు ఒక ఊహ అని మరువరాదు.

అందువలన అవును, కాదు అనే రెండు జవాబులతో ఈ పని సరిపోదు. తెలియలేదు అన్న మూడవదానికి కూడ చోటు ఇవ్వాలి. దుకాణంలోని యంత్రం వద్ద వేలిముద్ర పడకపోవడం ఒకటి, ఫోను టవరు అందకపోవడం ఒకటి, సర్వరు జవాబు చెప్పకపోవడం ఒకటి. మూడింటికీ ఇవాళ ఒకే పేరు. మొదటిదానికి చేయి కడుగుకొని తిరిగి వేలు పెట్టవచ్చును. రెండవదానికి యంత్రాన్ని వీధి చివరకు తీసికొనిపోవచ్చును. మూడవదానికి మాత్రమే ఇంటికి పోవలసి ఉంటుంది. "సర్వరు చివర పలికినది పది గంటల నలభై నిమిషాలకు, ఆ తరువాత మూడుసార్లు అడిగినా జవాబు లేదు" అని తెరమీద తెలుగులో కనబడేటట్లు వ్రాయడం విద్యార్థికి ఒక పూట పని. అప్పుడు చెట్టు క్రింద మరొక గంట కూర్చోవాలో, రేపు రావాలో ఆ ముసలమ్మయే నిర్ణయించుకొంటుంది.