గీత ఒకటే, అర్థాలెన్నో

కిందటి నెలలో మా పక్కింటి కుర్రవాడు ఇంగ్లీషు పరీక్ష కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. 'డ్రాప్ మి ఎ లైన్' అనే మాటకు అర్థం రాయమంటే 'నాకొక గీత పడవేయి' అని రాశాడట. మాస్టారు సున్నా చుట్టారు. "నిఘంటువులో లైన్ అంటే గీత అనే ఉంది కదా మామయ్యా, నా తప్పేమిటి?" అన్నాడు. నిజానికి ఆ మాటకు 'నాకో చిన్న ఉత్తరం రాయి' అని అర్థం. పిల్లవాడు నిఘంటువు చూసే రాశాడు. నిఘంటువూ అబద్ధం చెప్పలేదు. మరి చిక్కెక్కడ వచ్చింది?

ఈ లైన్ అనే మాటకు మూలం నారలో ఉంది. లాటిన్ భాషలో 'లీనుమ్' అంటే అవిసె గింజల మొక్క. దాని నారతో పేనిన దారం 'లీనియా'. తాపీమేస్త్రీ దారం బిగించి గోడ వంకర చూస్తాడు చూడండి, అలా బిగించిన దారం పేరే గీతకూ వచ్చింది. గీత నుంచి వరుస, వరుస నుంచి అక్షరాల పంక్తి, పంక్తి నుంచి చిన్న ఉత్తరం. పాత దారం మాత్రం ఎక్కడికీ పోలేదు. బట్టలారేసే తాడూ, గాలపు తాడూ, కరెంటు తీగా అన్నీ లైన్లే.

మనమూ ఈ మాటను ఎన్ని రకాలుగా వాడటం లేదు! రేషను షాపు ముందు లైన్లో నిలబడతాం. కరెంటు పోతే లైన్‌మాన్ కోసం ఎదురుచూస్తాం. ఫోనులో "లైన్లో ఉండండి" అంటాం. "మీ అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడండీ?" అంటే ఏ వృత్తిలో అని. అప్పుడు గీత ఎవరికీ గుర్తురాదు. పక్కనున్న మాటలే అర్థం చెప్పేస్తాయి.

ఇది ఇంగ్లీషుకే ఉన్న వింత కాదు. మన 'కట్టు' చూడండి. ఇల్లు కడతాం, చీర కడతాం, ఫీజు కడతాం, పాటకు వరస కడతాం. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మన ప్రాంతాల మధ్య సరిహద్దు గీతలు పడ్డాయి. కానీ కన్నడంలోనూ తమిళంలోనూ కూడా ఇల్లు 'కట్టడమే', డబ్బు 'కట్టడమే'. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడే మన పిల్లలకు ఈ కిటుకు కొత్తదేమీ కాదు. ఇంగ్లీషు దగ్గరే భయపడి మరచిపోతారు.

కాబట్టి మాటను ఒంటరిగా బట్టీ పట్టించకండి. దాన్ని వాడిన వాక్యంతో సహా పుస్తకంలో రాయించండి. మా కుర్రవాడు అలాగే మొదలుపెట్టాడు. మొన్న సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళుతూ, "చేరగానే మీకొక లైన్ పడేస్తాను మామయ్యా" అన్నాడు.