ఇంజనుకు వేఱు నీరు, ఇంటికి వేఱు నీరు

(పాఠశాల వార్షికోత్సవము నాటి తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో పండితులు మాటలాడుట వాడుక. నేను పండితుడను కాను. ముప్పది యేండ్లకు పైగా మోటారు షెడ్డులో చేతులకు నూనె పూసికొని బ్రతికినవాడను. ఏమి చెప్పగలనని ఉపాధ్యాయుల నడిగితిని. "మీకు తెలిసినదే చెప్పుడు. ఈ సభకు వచ్చువారిలో పలువురి యిండ్ల బండి కలదు, కొందఱికి బండియే జీవనాధారము" అని వారనిరి. కావున ఇంజనును చల్లబఱచు నీటిని గూర్చి, దానిని తీసి మార్చు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది బండి సంగతిగా మొదలై పిల్లల సంగతిగా ముగియును. కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన.

మన ధర్మపురికి ఈ విషయము క్రొత్త కాదు. సేలము నుండి వచ్చు జాతీయ రహదారి తొప్పూరు కనుమ నెక్కి మన యూరి వైపు వచ్చును. పూర్వము 7వ నంబరని పిలువబడిన ఆ రహదారి నేడు 44వ నంబరు. ఎండకాలపు మధ్యాహ్నమున నిండు బరువుతో ఆ యెత్తు నెక్కు లారీ తక్కువ గేరులో మెల్లగా నడచును. ఇంజను పూర్తి బలముతో పనిచేయుచుండును గాని, బండికి వేగము లేనందున ఎదురుగాలి చాలదు. లోపములున్న రేడియేటరు అచ్చటనే ఆవిరి గ్రక్కును. డ్రైవరు బండిని ప్రక్కకు నిలిపి, డబ్బా చేతబట్టి నీటికై వెదకును.

ఇంజనులో కాలిన యింధనపు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు పనికివచ్చును. ఇంచుమించు మఱియొక మూడవ వంతు పొగగొట్టము గుండా పోవును. మిగిలిన దానిలో చాల భాగము ఇంజను లోహమును వేడిచేయును. ఆ వేడిని తీసికొనిపోవుటకే నీరు. పంపు ఆ నీటిని ఇంజను చుట్టును త్రిప్పి రేడియేటరునకు పంపును. అచ్చట సన్నని గొట్టములలో గాలి తగిలి అది చల్లబడి మరల వచ్చును. నడుమ థర్మోస్టాటు అను చిన్న ద్వారము కలదు. నీరు సుమారు 80, 90 డిగ్రీల నడుమకు వచ్చువఱకు అది తెఱచుకొనదు.

బండిలో నీరు పోయుట బండి పుట్టిననాటి నుండియు ఉన్నదే. 1888 ఆగష్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో ఇరువురు కుమారులను కూర్చుండబెట్టుకొని, మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ లోని తల్లి యొద్దకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. ఆ బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుటయే చల్లబఱచు విధానము. కనుక ఆమె దారి పొడవునను నీరు తెచ్చి పోయవలసివచ్చెను. 1900 ప్రాంతమున విల్హెల్మ్ మేబాఖ్ తేనెపట్టువంటి రేడియేటరును రూపొందించిన పిమ్మట కొద్ది నీటితోనే పని జరుగుట సాధ్యమయ్యెను. యంత్రము మాఱినది గాని, దొరికిన నీరు పోయు అలవాటు మాత్రము మనలో చాలమందికి పోలేదు.

ఆ దొరికిన నీరు ఎట్టిది? మన జిల్లా భూగర్భజలములో ఫ్లోరైడు అధికమని తమకు తెలియును. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగుటచే పిల్లల పండ్లపై మచ్చలు పడుటయు, ఎముకలు చెడుటయు మన మెఱిగినదే. అందులకే కావేరి నీటిని తెచ్చు హొగెనకల్ పథకము 2013లో ప్రారంభింపబడినది. కాని ఇంజనుకు ముఖ్య శత్రువు ఫ్లోరైడు కాదు. కఠినత్వము, అనగా నీటిలో కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణములు. స్నానమునకు నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని గార కట్టుట ప్రతి తల్లియు చూచినదే. ఆ గారయే రేడియేటరు గొట్టములలోను, ఇంజను గోడలపైనను కట్టును. అది వేడిని సాగనీయదు.

ఒక లెక్క చూడుడు. త్రాగునీటిలో కఠినత్వము లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండుట మేలు, వేఱు నీరు లేనిచోట 600 వఱకు ఓర్చుకొనవచ్చునని మన దేశపు ప్రమాణము. కఠినత్వము 400 గల బోరునీటిని కాఱుచున్న రేడియేటరులో ప్రతిదినము రెండు లీటర్లు పోయుదుమనుకొందము. దినమునకు 800 మిల్లీగ్రాముల లవణము లోపలికి పోవును. మూడువందల దినములకు 240 గ్రాములు! నీరు ఆవిరియై పోయినను లవణము పోదు. ఇది త్రాగదగిన నీటి లెక్కయే సుమా. మనుష్యునకు మంచిదైన నీరు ఇంజనుకు మంచిది కాకపోవచ్చును.

కావున పోయవలసినది బ్యాటరీలో పోయునట్టి డిస్టిల్డు వాటరు, దానితో కలిపిన కూలెంటు. "మనకు మంచు బాధ లేదు గదా, ఈ మందు మన కెందుకు?" అని కొందఱు అడుగుదురు. కూలెంటులో ముఖ్యమైనది ఎథిలీను గ్లైకాలు. సగము నీరు, సగము గ్లైకాలు కలిపిన ద్రవము సున్నకు దిగువ 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదన్న మాట నిజమే; అది హిమాలయములకు పోవు లారీకి ఉపకరించును. మనకు ఉపకరించునవి రెండు. మొదటిది, ఈ ద్రవము నీటి కంటె ఎక్కువ వేడిమిని ఓర్చును. మామూలు గాలి యొత్తిడిలో 106, 107 డిగ్రీలకు గాని మరుగదు. రెండవది, అంతకంటె ముఖ్యమైనది, ఇంజను లోహములకు తుప్పు పట్టనీయని మందులు అందులో కలిపియుందురు. అట్లని గ్లైకాలును మాత్రమే నింపరాదు. వేడిని మోయుటలో నీటి కది సాటిరాదు. కొన్ని డబ్బాలలో చిక్కని ద్రవము ఉండును. కొన్నింటిలో ముందే నీరు కలిపియుండును. డబ్బాపై చదివి తెలిసికొనుడు.

ఆ తుప్పు మందులు కాలక్రమమున అరిగిపోవును. పాత రకములకు సుమారు రెండేండ్లు, క్రొత్త రకములలో కొన్నింటికి అయిదేండ్లు ఆయువు. తమ బండి పుస్తకములో వ్రాసినదే ప్రమాణము. రంగును చూచి రకమును నిర్ణయింపరాదు. ఒకరి పచ్చ, మఱియొకరి యెఱుపు ఒకే జాతి కావచ్చును, ఒకే రంగులో రెండు జాతులు ఉండవచ్చును. రెండు రకములను కలుపరాదు.

ఇక మార్చు విధము. అన్నిటికంటె ముందు ఇంజను పూర్తిగా చల్లబడవలెను. దీనిని నేను ఒంటిపై వ్రాసికొని నేర్చితిని. పదునెనిమిదేండ్ల వయస్సున ఒక షెడ్డులో సహాయకుడనుగా నుండగా, కనుమ నెక్కి వచ్చిన లారీ రేడియేటరు మూతను తొందరపడి త్రిప్పితిని. ఆ మూత లోపలి యొత్తిడిని నిలుపుటకే ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. ఆ యొత్తిడిలో నీరు 110, 115 డిగ్రీల వేడిలోను మరుగక నిలిచి, మూత తీయగానే ఒక్కుమ్మడిగా ఆవిరియై పైకి చిమ్మును. నా మోచేతి వఱకు చర్మము ఊడిపోయినది. ఎవరికైన అట్లు జరిగినచో ఇరువది నిమిషములు చల్లని పంపునీటి క్రింద చేయి నుంచి, వైద్యుని యొద్దకు పోవలెను. పసుపు, సిరా, పేస్టు పూయరాదు.

చల్లబడిన బండిని సమతలమున నిలిపి, మూత తీసి, రేడియేటరు అడుగున నున్న చిన్న కుళాయిని విప్పి, క్రింద వెడల్పైన పాత్రను పెట్టవలెను. ఇంజను ప్రక్కన మఱియొక బిరడా ఉన్నచో దానిని గూడ తీయవలెను. పాత ద్రవము తుప్పురంగుగా నున్నచో, లోపల తుప్పు పట్టినదని యర్థము. నూనె తేలినచో, పనివానికి చూపక మఱేమియు చేయరాదు. పిదప కుళాయి మూసి, డిస్టిల్డు వాటరు నింపి, థర్మోస్టాటు తెఱచుకొనువఱకు ఇంజనును నడిపి, ఆపి, మరల చల్లార్చి తీసివేయవలెను. తేటనీరు వచ్చువఱకు ఇట్లే చేయవలెను.

ఇచ్చట ఒక పొరపాటు తఱచుగా జరుగును. కడిగిన నీరంతయు బయటికి రాదు. బండి పుస్తకమున 6 లీటర్లని యుండి, 4 లీటర్లే వచ్చినచో, 2 లీటర్ల నీరు లోపలనే యున్నది. అప్పుడు చిక్కని కూలెంటు 3 లీటర్లు, నీరు 1 లీటరు పోసినగాని సగము సగము కాదు. కొలిచి తీయుడు, కొలిచి పోయుడు. మెల్లగా పోసి, గాలి బుడగలు పోవువఱకు ఇంజనును నడిపి, మరునాడు చల్లని వేళ మట్టమును మరల చూడుడు. దారిలో నీరు పూర్తిగా తగ్గి మరిగిన ఇంజనులో వెంటనే చన్నీరు క్రుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును.

ఇంతవఱకు బండి సంగతి. ఇక తీసిన ఆ పాత ద్రవమేమగును? దీనికొఱకే నేను నేడు ఇచ్చట నిలిచితిని.

నాలుగేండ్ల క్రిందట ఒకనాడు, పాత్ర చాలక, ఒక బండినుండి తీసిన పచ్చని కూలెంటును ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి మా వసారాలో నుంచితిని. తప్పు నాదే. రెండవ తరగతి చదువు నా మనుమడు ఎండలో ఆడి దాహముతో వచ్చి ఆ సీసా మూత త్రిప్పుచుండగా నా భార్య చూచి లాగికొన్నది. ఒక్క నిమిషము ఆలస్యమైన నేమగునో నేటికిని తలంపజాలకున్నాను. గ్లైకాలు తియ్యగా నుండును. పసివాడు ఒక గుటకతో ఆపడు. కడుపులోనికి పోయిన పిమ్మట కాలేయము దానిని క్రమముగా ఆక్సాలికు ఆమ్లముగా మార్చును. అది కాల్షియముతో కూడి స్ఫటికములై మూత్రపిండములను చెఱచును. మొదట మత్తు, వాంతి మాత్రమే కనిపించి, "ఏమియు కాలేదు" అను భ్రమ కలుగవచ్చును. అసలు కీడు తరువాత బయటపడును. కావున లక్షణములకై వేచియుండరాదు. వాంతి చేయింప ప్రయత్నింపరాదు. 108కి ఫోను చేసి, డబ్బాను గూడ వెంట తీసికొని పెద్దాసుపత్రికి పోవలెను. దీనికి విఱుగుడు మందు కలదు; ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. దూడలు, కుక్కలు సయితము నేలపై పాఱబోసిన దానిని నాకి చచ్చును. కాలువలోను, బావి ప్రక్కనను పోయరాదు. మూత గల డబ్బాలో దాచి, వ్యర్థ ద్రవములను తీసికొను వర్కుషాపునకు ఇచ్చివేయవలెను.

ఆనాటినుండి మా షెడ్డులో ఒక నియమము పెట్టితిని. త్రాగు వస్తువు నుంచిన సీసాలో బండి ద్రవము పోయరాదు. బండి ద్రవము నుంచిన డబ్బాలో త్రాగునీరు పట్టరాదు. ఇంటి నీరు ఇంజనుకు పనికిరాదు, ఇంజను నీరు ఇంటికి విషము. ఈ రెండును ఎన్నడును కలియకూడదు.

తల్లులారా, తండ్రులారా! నేటి రాత్రి ఇంటికి పోయిన పిమ్మట వసారాలోను, మెట్ల క్రిందను, బండి సీటు వెనుకను ఒకమారు చూడుడు. రంగునీళ్ల సీసా ఏదైన కనబడినచో తీసివేయుడు. ఉంచవలసిన డబ్బాపై "విషము" అని తెలుగున, తమిళమున రెండింటను వ్రాసి అంటింపుడు. మన పిల్లలు రెండును చదువగలరు. మన యింట ఆడుకొనవచ్చు పొరుగు పిల్లలకు తమిళమే వచ్చును. ఇంకను చదువు రాని పసివారికొఱకు దానిని వారి చేతి కందని యెత్తున పెట్టి తాళము వేయుడు.

నా మనుమడు ఇప్పుడు ఆఱవ తరగతి. నేటి ఉత్సవమున పాట పాడు పిల్లలలో వాడును ఉన్నాడు.