పనిలో ఒరిగినవారి పేరు ఊరి పుస్తకములో నిలువవలెను
(ప్రసంగ పాఠము)



షాద్‌నగర్ పేరు పంచాయతీల చరిత్రలో నిలిచియున్నది. 1959లో నాటి ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్య వ్యవస్థకు ప్రధాని నెహ్రూ ప్రారంభోత్సవము చేసినది ఇచ్చటనే. ఊరి మంచిచెడ్డలు ఊరే చూచుకొనవలెనన్నది నాటి సంకల్పము. పనిచేయుచు ప్రాణమునో, కాలుచేతులనో పోగొట్టుకొన్నవారిని గౌరవించుట కూడ ఆ మంచిచెడ్డలలోనిదే. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

జొన్నలు, ఆముదాలు పండిన ఈ మెట్టభూముల నడుమ నేడు కర్మాగారములు వెలసినవి. 2024 జూన్ 28న షాద్‌నగర్ సమీపమున బూర్గుల గ్రామములోని గాజు కర్మాగారమున పేలుడు జరిగి కనీసము ఐదుగురు కార్మికులు మరణించిరి. పలువురు గాయపడిరి. వీరిలో పెక్కుమంది పొట్టకూటికై ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు.

“వారు మన ఊరివారు కారు గదా!” యని ఎవరైన అనవచ్చును. అట్లనుటకు పాలమూరువారికి నోరు రాదు. గుంపు మేస్త్రీ వెంట మూటాముల్లె సర్దుకొని పోయి, దేశమందలి ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసినవారు పాలమూరు కూలీలే. పరాయి ఊరిలో మనవాడు కూలినప్పుడు అచ్చటివారు ఏమి చేయవలెనని మనము కోరుదుమో, మన పొలిమేరలో కూలిన పరాయివానికి మనము అదే చేయవలెను.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసినది నెహ్రూ యని బడిపిల్లలు చెప్పగలరు. ఆ పనిలో ప్రాణములు విడిచిన కూలీల పేర్లు చెప్పగలవారెందరు? 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు సొరంగము కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. నల్లగొండ పొలములకు కృష్ణానీరు తెచ్చుటకై వారు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీరములనుండి వచ్చినవారు. ఆ ఏప్రిల్ నెలాఖరు వరకు వెదకినను ఇద్దరి దేహములే లభించినవి. రేపు ఆ నీరు త్రాగువారు వారిని మరువరాదు.

అయితే గౌరవమనగా ఏమి? పూలదండ మరునాటికి వాడిపోవును. మృతుని ఇల్లాలికి న్యాయముగా రావలసిన సొమ్ము చేతికందించుటయే మొదటి గౌరవము. ఇందు పంచాయతీ చేయదగిన పనులు గలవు.

మొదటిది, మరణము నమోదు. మరణము ఎచ్చట సంభవించెనో అచ్చటనే నమోదు కావలెను. గ్రామములో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. గడువు 21 రోజులు. ఆ పత్రములో పేరు, తండ్రి పేరు, స్వస్థలము తప్పులేకుండ వ్రాయించుడు. ఒక్క అక్షరము తప్పినను ఆ ఇల్లాలు నెలల తరబడి కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును.

రెండవది, నష్టపరిహారము. 1923 నాటి పరిహారపు చట్టములోని హక్కులు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో చేరినవి. మరణించినచో నెలజీతములో సగమును, పూర్తిగా పనికి దూరమైనచో నూటికి అరువది వంతులను, వయస్సునుబట్టి నిర్ణయించిన సంఖ్యతో హెచ్చించి లెక్కకట్టుదురు. కావున కూలి ఎంతయో తెలుపు చీటి, హాజరు కాగితము, పోలీసులు వ్రాసిన నివేదిక నకలు భద్రపరచవలెను. దరఖాస్తునకు గడువు రెండేండ్లు. ప్రమాదము జరిగినచోటనే కాక, కుటుంబము నివసించుచోటను దరఖాస్తు పెట్టుకొనవచ్చును. బీహారు వితంతువు షాద్‌నగరునకు, మన పాలమూరు వితంతువు బొంబాయికి పరుగెత్త నక్కరలేదు. “వాడు కంట్రాక్టరు మనిషి, మాకు సంబంధము లేదు” అను యజమాని మాట చెల్లదు. పని చేయించుకొన్న అసలు యజమానియు బాధ్యుడే. ఈ.ఎస్.ఐ.లో చేరినవారికి ఆ సంస్థయే ఆశ్రితుల భృతిని చెల్లించును.

మూడవది, గాయపడినవారు. మృతులను తలచు ఊరు, చేయి తెగి ఇంట కూర్చున్నవానిని మరచుట కలదు. అతనికిని పరిహారపు హక్కు కలదు. ఆ హక్కు నెరవేరినదో లేదో విచారించి, గ్రామసభలో చెప్పించుడు.

1984లో కెనడా కార్మికులు ఏప్రిల్ 28ని పనిలో మరణించినవారి స్మారకదినముగా తలపెట్టిరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003 నుండి ఆనాడే పనిలో భద్రతా దినము జరుపుచున్నది. ఆ దినమున మీ పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము తెరువుడు. మన పొలిమేరలో పనిచేయుచు మరణించిన పరాయివారి పేర్లు ఒక పుటలో, వలసపోయి మరణించిన మనవారి పేర్లు ఎదుటి పుటలో వ్రాయించుడు. ప్రతి పేరునకు ఎదురుగా “పరిహారము అందినది” లేక “అందలేదు” అని ఉండవలెను. ఆ పేర్లను ఏటేట అందరి ఎదుట చదివించుడు. “అందలేదు” అను మాట ఒక్కటైన మిగిలియున్నంతవరకు ఆ ఊరు ఋణపడియున్నట్లే. ఆ ఋణము తీర్చు పనిని ఈ ఏడే మొదలుపెట్టవలెనని మా మనవి.